వచ్చేసినం, దిగమ్మా

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దిక్కు పోయే గల్లీ ఒకటుంది. పగలైతే చెప్పుల దుకాణాలు, జిరాక్స్ షాపులు, ఆటోలు… మనిషికి సందు దొరకదు. రాత్రి షట్టర్లు పడినంక మాత్రం అక్కడ ఎవరూ బండి ఆపరు. ఖాళీ బంగ్లా గేటు ముందైతే అసలే ఆపరు.

ఎందుకంటే, అక్కడ బండి బరువైతదట.

ఎవరో కారుల ఒకామెను తెచ్చి ఆ గేటు ముందు దించి పోయిన్రట. మళ్లీ తీసుకపోను రాలేదట. ఎప్పటి ముచ్చటో, ఏ ఇంటామెనో ఎవరికీ తెల్వదు. ఆడనే కూసొని కూసొని పానం ఇడిసిందంటరు. అప్పటిసంది గేటు ముందు నుంచి పోయే బండి వెనక సీట్ల ఎక్కి కూసుంటదట. ఆమె ఎక్కంగనే ఇంజన్ దగ్గుతది, వొణుకుతది, ముందుకు గుంజదు.

దానికి ఒక పద్ధతి గూడ చెప్తరు. వెనక తలుపు తెరిచి "వచ్చేసినం, దిగమ్మా" అని మెల్లగ అనాలె. అని, మొహం తిప్పుకోవాలె. చూస్తే దిగదట. దిగినంక తలుపేసి, వెనక్కి చూడకుండ పోవాలె.

ఇదంతా పూలమ్మ నాకు చెప్పింది. బేగం బజార్ల ఒక్క గోదాంలనే మేమిద్దరం ఎండు మిరపకాయల తొడిమెలు తీస్తం. పక్కోళ్లకు వినపడకుండ, మాట మాటకు ఆగుకుంట చెప్పింది.

పూలమ్మ పెనిమిటి రాజనర్సు కిరాయి కారు నడుపుతడు. పాత పెట్రోల్ బండి. ఇల్లు గౌలిగూడల. బిడ్డ కాన్పుకు వచ్చి ఉండె, అల్లుడు డ్యూటీ మీద ఊరికి పోయిండు. బిడ్డ పేరు ప్రభావతి. అది రాజనర్సు తల్లి పేరు. అత్త పేరు నోట్ల నుంచి ఎట్ల తీస్తనని పూలమ్మ బిడ్డను పుట్టినసంది "అమ్మా" అనే పిలుస్తది. మా అమ్మ పోయి ఇన్నేండ్లాయె, ఇంకా భయమేనా అని రాజనర్సు నవ్వుతుండె.

ఆ రాత్రి వాన దంచి కొడుతుంది. కరెంటు పోయింది. కాన్పుకు ఇంకా టైముందని డాక్టరమ్మ చెప్పింది గని, బిడ్డకు నొప్పులు మొదలైనయి. నొప్పులతోని రక్తం గూడ. అంబులెన్సుకు ఫోన్ చేస్తే రోడ్ల మీద నీళ్లు, ఎప్పుడొస్తమో చెప్పలేమన్నరు. ఇగ ఆగలేదు. బిడ్డను వెనక సీట్ల పొడుగ్గ పండవెట్టి చెద్దరు కప్పిన్రు. జాగ లేక పూలమ్మ ముందల కూసుంది. నాంపల్లి అవతల దవాఖానకు పోవాలె. పెద్ద రోడ్డు మీద నీళ్లు నడుముకొచ్చినయని రాజనర్సు బండిని ఆ గల్లీకి తిప్పిండు.

తిప్పినంక జర దూరం బాగనే పోయింది.

తర్వాత కారుకు ఎక్కిళ్లు పట్టినట్టాయె. ఒకసారి గుంజుతది, ఒకసారి ఆగుతది. కూసున్న సీటు కాళ్ల కింది దాంక వొణికింది. కాలని పెట్రోల్ వాసన. రాజనర్సు ఎక్సిలేటర్ ఎంత తొక్కినా బండి లేస్తలేదు. కుంటుకుంట కుంటుకుంట పోయి ఒక్క కాడ ఆగింది.

పూలమ్మ అద్దంల నుంచి చూసింది. తుప్పు పట్టిన గేటు.

"ఏమయ్యా… గీడనా."

"గీడ గాడ అని చూసి ఆగుతదా బండి. మిస్సింగ్ కొడుతుంది. ఒక ప్లగ్గు పని చేస్తలేదు. లైటు పట్టు."

బానెట్ లేపిండు. ఇంజన్ బంద్ చెయ్యలేదు, బంద్ చేస్తే మళ్లీ లేస్తదో లేదో. పూలమ్మ ఫోన్ లైటు పట్టింది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటి పీకి చూడాలె అన్నడు. పీకంగనే ఇంజన్ ఇంకా పడిపోతే అది బతికున్నట్టు. పీకినా ఏ తేడా లేకుంటే, అదే చచ్చినట్టు.

మొదటి వైరు పీకిండు. ఇంజన్ కూలబోయింది. మళ్ల పెట్టిండు.

రెండోది పీకితే చేతికి షాకు కొట్టింది. ఇంజన్ మళ్ల కూలబోయింది. అదీ బతికే ఉంది.

అప్పటిదాంక లోపల బిడ్డ మూలుగుతుండె. ఆ మూలుగు… ఆగిపోయింది.

మూలిగినంత సేపు ధైర్యంగ ఉండె అక్కా, అన్నది పూలమ్మ. సప్పుడు ఆగినంకనే భయమైంది, అన్నది. ఇగ వైర్ల మీద నమ్మకం పోయింది. ఫోన్ మొగని చేతుల పెట్టింది. ఆయన దాన్ని పండ్ల నడుమ పట్టుకొని ఇంజన్ మీదికి వంగిండు. పూలమ్మ గేటు దిక్కున్న వెనక తలుపు తెరిచింది. ఆయనకు వినపడొద్దని, చాన మెల్లగ అన్నది.

"వచ్చేసినం… దిగమ్మా."

మొహం తిప్పుకుంది. కొంగు కండ్లకు అడ్డం పెట్టుకుంది.

సీటు కిర్రుమంది. మోచేతికి చీర తగులుకుంట పోయింది. దిగింది, దిగింది అనుకొని, చూడకుండనే తలుపేసింది.

అదే గడియల ముందు నుంచి రాజనర్సు, దొరికిందన్నడు. మూడో వైరు పీకితే తేడా లేదు. దాని టోపీల వాన నీళ్లు నిండినయి. రుమాలుతోని తుడిచి, నోటితోని ఊది, గట్టిగ నొక్కిండు. ఇంజన్ కుట్టు మిషన్ లెక్క సాఫుగ పాడింది.

ఇద్దరూ ఎక్కిన్రు. ఆయన వైరు వల్ల అనుకున్నడు. ఈమె తన మాట వల్ల అనుకుంది. ఒకరికొకరు చెప్పుకోలేదు.

వెనక్కి చూడొద్దు కద. పూలమ్మ ముందల చూసుకుంటనే అడిగింది, అమ్మా, నొప్పి తగ్గిందా అని.

"ఊ…"

చలి పెడుతుందా అని అడిగింది.

"ఊ…"

పానం లేచొచ్చింది. స్టేషన్ మూల మలిగినంక వెనక నుంచి సన్నగ వినపడ్డది —

"నన్ను దించకు."

"నిన్నెందుకు దించుత అమ్మా. నా పానం పోయినా దించ."

దవాఖాన ముందు బండి ఆగింది. స్ట్రెచర్ తెచ్చినాయన వెనక తలుపు తెరిచి, లోపలికి చూసి, పేషెంట్ ఏదన్నడు.

సీటు మీద చెద్దరు ఒక్కటే ఉంది.

పూలమ్మకు అప్పుడు సమజైంది… తను దిగమ్మా అన్నది. బిడ్డ దిగింది.

ఏం చేసిందో మొగనికి చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండు అక్కా, అన్నది. బండి తిప్పిండు. ఆ చీకట్ల, ఆ వానల, రక్తం పోతున్న పిల్ల. ఎటు పోయిందో, ఏడ పడ్డదో…

గల్లీ మొదట్లనే పూలమ్మ తలుపు తీసుకొని నీళ్లల్లకు దుంకింది. అమ్మా అని అరిచింది. మళ్ల అరిచింది. అమ్మా అంటే ఎవరైనా పలకొచ్చు కద. ఇగ అత్త లేదు, దేవుడు లేడు, జన్మల ఎత్తని పేరు ఎత్తింది.

"ప్రభావతీ…"

గేటు కాడ నుంచి "ఆఁ" అని సన్నగ వచ్చింది.

బిడ్డ గేటు చువ్వలు రెండు చేతుల పట్టుకొని మెట్టు మీద కూసొని ఉంది. పండ్లు కొట్టుకుంటున్నయి. కండ్లు తెరవకుండనే అన్నది.

"వచ్చేసినం దిగు అంటివి కద… దిగిన. మీరేమో పోతిరి."

ఇద్దరూ ఎత్తుకొని వెనక సీట్ల పండవెట్టిన్రు. ఈసారి పూలమ్మ బిడ్డ తల ఒళ్లె పెట్టుకొని వెనకనే కూసుంది. బండి ఒక్కసారి గూడ దగ్గలేదు. తెల్లారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లికి రక్తం ఎక్కించిన్రు, పిల్లను అద్దాల పెట్టెల పెట్టిన్రు. ఇద్దరూ బతికిన్రు.

వైరు టోపీల నీళ్లు పోయినయి, మిస్సింగ్ కొట్టింది, అంతకు మించి ఏం లేదంటడట రాజనర్సు. వెనక నుంచి నువ్వు విన్నది గూడ ఇంజన్ సప్పుడే అంటడట. అప్పటిసంది బండి మస్తు నడుస్తుందట.

ఉండబట్టలేక నేనే అడిగిన. మరి బిడ్డను ఎక్కించేటప్పుడు… ఆమె దిగిందా పూలమ్మా, అని.

తొడిమె తీసే చెయ్యి ఆపింది. నా దిక్కు చూడలేదు.

"ఎట్ల దిగుతది అక్కా… దించనని మాటిచ్చిన కద."