విడిచిన గాలి

సత్తుపల్లి నుంచి తల్లాడ పోయే రోడ్డు పక్కన, పామాయిల్ తోటలో ఒక విమానం ఉంది. తోట యజమాని జయప్రకాశ్ దాన్ని తుక్కు కింద కొని, రెక్కలు కోయించి, లారీల మీద తెప్పించి హోటల్ చేశాడు. లోపల సీట్లు, తెరుచుకోని కిటికీలు, తల మీద గాలి వచ్చే గుండ్రటి గొట్టాలు అన్నీ పాతవే. బిర్యానీ ఒక్కటే తాజాది.

తన కూతురు స్తుతి పుట్టినరోజు అక్కడే చేయాలని మహిమ పట్టుబట్టింది. వాళ్ల ఇల్లు బొగ్గు గనికి దగ్గర. పొద్దున కడిగి బోర్లించిన గిన్నె మీద మధ్యాహ్నానికి నల్లటి పొడి పేరుకుంటుంది. స్తుతికి పుట్టినప్పటి నుంచీ ఆయాసం, నవ్వినా గొంతులో పిల్లికూతలే. ఒక్క పూటైనా పిల్ల దుమ్ములేని గాలి పీలిస్తే చాలని తల్లి ఆశ.

"దుమ్ము లోపలికి రానే రాదమ్మా," అన్నాడు జయప్రకాశ్ తలుపు మూస్తూ. "సందులన్నీ మూయించేశాను. లోపలి గాలి లోపలే తిరుగుద్ది. కరెంటు కూడా కలిసొస్తది."

బయట నిప్పులు చెరిగే మే నెల ఎండ. లోపల చల్లగా ప్రాణం లేచొచ్చింది. ఆ సుఖం ఎంతోసేపు నిలవలేదు.

మొదట తడి సాక్సుల వాసన వచ్చింది. దాని వెనకే పాచి నోటి వాసన. జర్దా కంపు, పుల్లటి తేన్పు, పసిపిల్లలు కక్కిన పాలు... ఎవరో ముఖంలో ముఖం పెట్టి ఊపిరి వదిలినట్టు గోరువెచ్చగా. మహిమ కొంగు అడ్డం పెట్టుకుంటే కొంగుకీ అదే కంపు.

"మామయ్యా, వాసన కొడ్తలేదా?" అంది మెల్లగా.

"ఏసీ కొత్తల గట్లనే ఉంటది బిడ్డా," అన్నాడు మామగారు ఆదాము.

ఆయన సంఘపెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆమెన్ వచ్చేసరికి అన్నం చల్లారిపోతుందని చర్చిలో అందరూ నవ్వుకుంటారు. ఆ ఆమెన్ వినబడేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, నోరు మెదపకూడదు. ఆ ఇంట్లో దానికి తిరుగు లేదు.

స్తుతి పిల్లికూతలు ఎక్కువయ్యాయి. మంచి గాలి తగులుతుందని మహిమే తల మీది గొట్టాన్ని తిప్పి, సూటిగా పిల్ల ముఖానికి పెట్టింది. కేకు మీద కొవ్వొత్తులు వెలిగించారు. ఆదాము చేతులెత్తాడు. చుట్టాలంతా కళ్లు మూసుకున్నారు.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ..."

కంపు ఓర్చుకోలేక మహిమ కళ్లు తెరిచింది.

కొవ్వొత్తి మంటలు కేకు మీదికి అణిగాయి. కాసేపు ఆగి, గొట్టం వైపు సన్నగా పైకి సాగాయి. మళ్లీ అణిగాయి... మళ్లీ సాగాయి... నిదానంగా, నిద్రపోయే మనిషి ఊపిరిలా. గొట్టం పీలుస్తోంది. వదులుతోంది.

స్తుతి నోరు తెరుచుకుని ఉంది. గొట్టం వదిలినప్పుడల్లా పిల్ల రొమ్ము పైకి లేస్తోంది. దిగడం లేదు. ఇంకా లేస్తోంది... పైనుంచి చిక్కటి పచ్చటి కఫం చుక్క ఒకటి జారి పిల్ల పెదవి మీద పడింది. స్తుతి దాన్ని నాలుకతో నాకింది.

అరవాలి. మామగారు ఇంకా స్తోత్రాల దగ్గరే ఉన్నారు. మహిమ నోరు నొక్కుకుంది. ఛీ, అదేం భయమో! కన్నబిడ్డకి ఊపిరాడకపోతుంటే ఆమెన్ కోసం చూసింది.

"మమ్మీ..." గుసగుసగా అంది స్తుతి. "నూకుతున్నరు."

"ఎవరే?"

"జరుగు, జరుగు అంటున్నరు... లోపల జాగ కావాల్నంట."

మహిమ ఇక ఆగలేదు. పిల్లని చంకనేసుకుని తలుపు కాలితో తన్ని ఎండలో పడింది. వెనక నుంచి ఆదాము కోపంగా ఏదో అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

ఎండలో స్తుతి నవ్వింది. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. మహిమ పిల్లని గుండెకి హత్తుకుని ఏడ్చేసింది. అయినా మనసు ఒప్పక, దొరికిన ఆటో ఎక్కి సత్తుపల్లి దవాఖానాకి తీసుకుపోయింది.

డాక్టర్ యశోద పిల్ల రొమ్ము మీద స్టెతస్కోపు ఆనించింది. "కూతలేం లేవమ్మా, బాగుంది. ఊపిరి బిగబట్టు తల్లీ ఒకసారి."

స్తుతి పెదవులు బిగించి, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా మూసుకుంది. డాక్టర్ విన్నది. స్టెతస్కోపు పక్కకి జరిపి మళ్లీ విన్నది. ముఖంలో రంగు మారింది.

"వదలకు... గట్టిగా పట్టుకో."

"పట్టుకునే ఉంది డాక్టరమ్మా," అంది మహిమ.

యశోద స్టెతస్కోపు తీసి మహిమ చెవులకి పెట్టింది.

పిల్ల ముక్కు మూసే ఉంది. పెదవులు బిగించే ఉన్నాయి. లోపల ఊపిరి ఆడుతోంది... ఒకటి బరువుగా. ఒకటి తొందర తొందరగా. ఇంకొకటి పసిబిడ్డది... వాటన్నిటి వెనక, తీరిగ్గా, ఎవరో మగమనిషి గొంతు సవరించుకున్నాడు.