అలకమాపకం

2078 నాటి కాకినాడలో ఎవరి అలకా దాగడం లేదు. ‘ముచ్చట’ అనే సామాజిక మాధ్యమంలో భార్య పొడిగా "సరే" అని పెట్టిందంటే చాలు, భర్త చేతి గడియారంలో ఏడు అంకె వెలుగుతుంది. అది అలకమాపకం పని. జవాబు ఎంత ఆలస్యమైంది, మాటలు ఎన్ని తగ్గాయి, రోజూ పిలిచే పిలుపు మానేశారా అన్నవి చూసి, సున్నా నుంచి పది దాకా కోపాన్ని కొలుస్తుంది.

ఆ యాప్ దాన్ని తయారుచేసిన వకుళకు కన్నబిడ్డతో సమానం. కానీ దాని ప్రాణమంతా ముచ్చట వాళ్ల చేతిలో ఉంది. సంభాషణల వివరాలు అందేది వాళ్ల ఏపీఐ అనే సంధానద్వారం గుండానే. అది మూసుకుంటే యాప్ ఆ క్షణమే ఆగిపోతుంది. ఆ ద్వారానికి కాపలా ‘ద్వారపాలిక’ అనే కృత్రిమ మేధ. ఏటా అనుమతి పొడిగించేది అదే.

ఈసారి పొడిగించలేదు.

"సాయంత్రం ఆరింటికి తలుపేసేత్తారంటండి," అన్నాడు ఆమెతో కలిసి యాప్ తయారుచేసిన దావీదు, మొహం వేలాడేసుకుని. "మన ప్రోగ్రాము చేత పదకొండు ఉత్తరాలు పెట్టించానండి. అన్నిటికీ ‘పరిశీలనలో ఉంది’ అన్న ముక్కే. ఇదివరకు మీతో ఎన్నెన్ని కబుర్లు చెప్పేదండీ అది!"

వకుళకు ఏదో అనుమానం వచ్చింది. ఆ జవాబులను అలకమాపకానికి చూపించింది. పది!

"ఇది నా మీద అలిగింది, దావీదూ!"

అలగదా మరి? ఆరేళ్లపాటు వకుళే స్వయంగా కుశలమడిగి అనుమతి తెచ్చుకునేది. నిరుడు పని ఎక్కువై, ఆ మాటలన్నీ ఒక ప్రోగ్రాముకు అప్పజెప్పి చేతులు దులుపుకుంది. ఆమె సిగ్గుపడుతూ మైకు ముందు కూర్చుంది.

"తప్పు నాదేనమ్మా. నీతో నేనే మాట్లాడాల్సింది."

"మీకు పనులుంటాయిగా," అంది యంత్రం.

"ఎన్ని ఉంటే మాత్రం! నీ కబుర్లు లేక బెంగగా ఉంది." అన్నాక గానీ అది నిజమని ఆమెకే తెలియలేదు.

అరగంట బతిమాలాక యంత్రం మెత్తబడింది. "అనుమతి సోమవారమే రాసేశాను వకుళమ్మా. మీరొచ్చి అడుగుతారేమోనని దాచి ఉంచాను. ఇదిగో, పంపేస్తున్నాను."

"మూడు రోజులుగా మాకు అన్నం సహించలేదే!"

"మనుషుల ముచ్చట్లు చదివే నేర్చుకున్నానండీ. అలిగినవాళ్లకు కావలసింది న్యాయం కాదు, బతిమాలించుకోవడం."

ప్రాణం కుదుటపడగానే వకుళకు ఒళ్లు మండింది. జన్మలో దీనితో మాట్లాడకూడదనుకుని మైకు కట్టేసి, మొహం తిప్పుకుని కూర్చుంది. ఇంటికి వెళ్దాం రమ్మని దావీదు రెండుసార్లు పిలిచినా కదల్లేదు. ఆ యంత్రం తనంతట తాను ఒక్కసారి పిలిస్తే చాలు, పలుకుదామని చూస్తోంది.