సున్నా సైజు ఫైళ్లు

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. ఈ బావమరిది కోరిన బాగు ఏమిటంటే, బావ పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని అందులో చెత్త ఊడ్చెయ్యడం. ఆ కంప్యూటర్‌ను నడిపే లినక్సులో ఓనమాలు దాటి రెండక్షరాలు వచ్చినవాడికి చేతులు ఊరుకోవు కదా. ఒక ఫోల్డరులో సైజు సున్నా అని చూపించే ఫైళ్లు కనబడ్డాయి. ఖాళీవేగా అనుకుని తుడిచిపారేశాడు. తీరా చూస్తే, కంప్యూటర్లోంచి శబ్దం బయటికి రావాలన్నా, బయటిది లోపలికి పోవాలన్నా అవే దారి.

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో అక్క గొంతు ఆగిపోయింది.

అక్క ఒక స్టూడియోవాళ్లిచ్చిన మైకు పెట్టుకుని, ఈ కంప్యూటర్ ముందే చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసేది. పోయి ఏడాది కావస్తోంది. బావ రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆవిడ కుర్చీలో కూర్చుని ఒక పాఠం వింటాడు. ఆ తరవాతే అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. ఆ పాఠాలు ఫోనులో వేసిస్తానని బావమరిది అంటే ఒప్పుకోలేదు.

"చదివిన చోటే విననీరా," అన్నాడు.

తిట్టినా బాగుండేది. నాలుగు రోజులు పల్లెత్తు మాట అనకుండా, మూగబోయిన కంప్యూటర్ ముందు అలాగే కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. గదిలో తడిసిన గోడల వాసన, వేడెక్కిన దుమ్ము వాసన. మెషిన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పోయిన ఫైళ్లు వాటంతటవే రావాలి. అంత పాత సిస్టమ్‌లో రాలేదు. ఇక ఒక్కొక్కదానికీ పేరు, నంబరు ఇచ్చి చేత్తోనే తయారు చెయ్యాలి. ముందు స్పీకరుది చేశాడు. స్పీకరు టప్పుమంది.

"వచ్చినట్టుంది బావా."

బావ పాఠం పెట్టాడు. అక్క గొంతు... వాన ఎలా పడుతుందో చెబుతోంది. బావ కళ్లు మూసుకున్నాడు. బావమరిది ఊపిరి పీల్చుకున్నాడు.

పాఠం మధ్యలో గొంతు ఆగింది. కాగితం పక్కన పెట్టిన చప్పుడు...

"ఏమండీ... ఉన్నారా? నాలుగు రోజులుగా పిలుస్తున్నా..."

బావమరిది గబుక్కున తెర దగ్గరికి వంగాడు. ఫైలు తేదీ చూశాడు. పోయినేడాదిదే. ఎవరూ ముట్టుకోలేదు.

"ఇక్కడే ఉన్నా," అన్నాడు బావ గుసగుసగా. ఆయన ముఖంలో భయం లేదు. బావమరిదికి అది చూసే ఎక్కువ భయం వేసింది.

"పలకరేం... నామీద కోపమా?" గొంతు సన్నబడుతోంది.

బావ వీడి చెయ్యి పట్టుకున్నాడు. "మైకు ఫైలు కూడా తీసేశావు కదరా. అదీ పెట్టు. రోజూ నేను మాట్లాడేవాణ్ణి."

"మైకే లేదుగా బావా... అక్క పోయాక స్టూడియోవాళ్లు పట్టుకెళ్లారు."

"అయినా పెట్టు."

ఒకసారి తప్పు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఫైలు వచ్చింది. సైజు సున్నా. మైకులో పలికితే కదిలే పచ్చగీత తెరమీద మెల్లగా లేచింది... పడింది... లేచింది.

"ఇక్కడే ఉన్నానే," అన్నాడు బావ.

"ఆఁ... ఇప్పుడు వినిపిస్తోంది." ఆ గొంతులో ఎంత ఊరటో.

బావ టేబుల్ మీద తల వాల్చేశాడు. బావమరిది గోడకు ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అక్కను చూడాలని ఉంది. పారిపోవాలనీ ఉంది. కళ్లనీళ్లు కారుతున్నాయి గానీ చప్పుడు లేదు.

"మా తమ్ముణ్ణి ఏడవొద్దని చెప్పండి," అంది అక్క. తరవాత బాగా గొంతు తగ్గించింది. "ఇక్కడ... పడుకున్నవాళ్లందరూ లేచి వింటున్నారు."