బోర్డు మీద ఒక్క లైను

గుళ్లో దణ్ణం పెట్టుకునేటప్పుడు దేవుడికి కథంతా చెప్పుకోవాలా, అసలు సంగతి ఒక్క ముక్క చెబితే చాలా? నందిగామ స్కూలు మాస్టారు రామచంద్రమూర్తికి చిన్నప్పటి నుంచీ ఉన్న అనుమానమిది. తను మాత్రం ఎప్పుడూ కథంతా చెప్పేవాడు.

కనకవల్లికీ అలాగే రాశాడు. పెళ్లి చేసుకుంటారా అని, నాలుగు పేజీలు.

జగ్గయ్యపేటలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే జగన్నాథరావు గారి కూతురామె. షాపుకొచ్చే ప్రతి ఉత్తరాన్నీ చదివి, నల్లబోర్డు మీద ఒక్క లైనులో పెట్టేది. ఊరు, పేరు, పని, ఆ పని చేయాల్సిన మనిషి. తన నాన్న ఇంజన్ రిపేరు ఆలస్యమైందని వచ్చి ఆమెతో పోట్లాడిన రోజు నుంచే మాస్టారికి మనసు మనసులో లేదు.

రెండు నెలలైనా జవాబు లేదు. ఆదివారం ఇంకో పిల్లను చూడాలని ఇంట్లో పట్టుబట్టారు. వానలో బస్సు దిగి షాపులోకొచ్చి బోర్డు చూశాడు.

"నందిగామ, రామచంద్రమూర్తి, జవాబు చెప్పాలి."

అంతవరకు చదివేసరికే ఒళ్లు మండిపోయింది. జుట్టులోంచి నీళ్లు ముక్కు మీదికి కారుతుంటే కోపంగా కనబడటం కష్టమే. అయినా అరిచాడు.

"ఆదివారం ఇంకో పిల్లను చూడమని మా ఇంట్లో గోల. నా మనసంతా రాస్తే ఒక్క లైను చేస్తారా?"

"వత్సవాయి వాళ్లు ఆరు పేజీలు రాస్తారు. వాళ్లకీ ఒక్క లైనే!"

"నాది ఇంజన్ గోలా?"

"షాపు అడ్రసుకు ఎవరు రాయమన్నారు?"

మెకానిక్ శాంతయ్య స్పానర్ కింద పెట్టాడు. "మాస్టారూ, ఇంజన్ విప్పాలాండీ, ఆయిల్ మారిస్తే సరిపోద్దా?"

"నువ్వూరుకో శాంతయ్యా!" ఇద్దరూ ఒక్కసారే కసిరారు.

"ఊరంతా చదవాలనేగా బోర్డు మీద రాశారు?"

"ఊరు కాదండీ, మా నాన్న చదవాలని!" కనకవల్లి బోర్డు వైపు వేలు చూపించింది. "నోటితో చెప్పే ధైర్యం లేక! లైను చివర ఎవరి పేరుందో చూశారా అసలు?"

చూశాడు. "కనకవల్లి."

లోపలి గదిలోంచి జగన్నాథరావు గారు మండిపడుతూ వచ్చారు.

"రోజూ చదువుతూనే ఉన్నానమ్మాయ్! నువ్వే చెబుతావని చూస్తున్నా. నా షాపులో ఏ పనైనా ఇన్నాళ్లు పెండింగులో ఉందా? అబ్బాయి నిలువునా తడిసి నిలబడితే ఇంకా తగువేంటి? చెప్పెయ్!"

కనకవల్లి మాస్టారి వైపు కోపంగా చూసింది.

"ఇష్టమేనండీ. ఆదివారం ఎక్కడికైనా వెళ్లారో, ఊరుకోను!"