ఫస్ట్ గేరు కిందికి

బండి ముందుకే కదిలింది!

వెనక్కి కాదు... ముందుకు!

టైలర్‌కి ఒళ్ళు ఝల్లుమంది.

రాత్రి ఏడున్నర. రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు షెడ్డులోంచి ఒక్క ఊపున రోడ్డెక్కేసింది. స్టీరింగ్ దగ్గర, కారు కొంటానని వచ్చిన పొడుగాటి మనిషి. పక్క సీట్లో టైలర్.

టైలర్ తల తిప్పి వెనక్కి చూశాడు. షెడ్డు గోడకి ఆనించిన పాత పరుపు అలాగే ఉంది. ఎవరూ గుద్దలేదు.

ఆరు వారాల్లో నలభై ఒక్కమంది ఈ బండి నడపబోయారు. నలభై ఒక్కమందీ ఆ పరుపుని గుద్దారు!

వీడొక్కడే గుద్దలేదు.

అన్ని బండ్లలో ఫస్ట్ గేరు ఎడమవైపు పైకి ఉంటుంది. ఈ బండిలో అక్కడున్నది రివర్స్! ఫస్ట్ కావాలంటే కిందికి లాగాలి. ఇరవై ఏడేళ్ళ కిందట రేసుల మోజులో ఎవరో ఇంజనీరు చేసిన ఏర్పాటు. గేరు నాబ్ మీద బొమ్మ ఉండేది. దాన్ని టైలరే గరుకు కాగితంతో రుద్ది రుద్ది చెరిపేశాడు.

అందుకే కొత్తవాడెవడైనా సరే, పైకి తోస్తాడు. బండి వెనక్కి గెంతుతుంది. ధబ్బుమని పరుపు!

తెలిసినవాడు మాత్రమే కిందికి లాగుతాడు.

"ఇలాంటి బండి ఇదివరకు నడిపారా సార్?" ఇందాక తాళం ఇస్తూ అందరినీ అడిగినట్టే వీణ్ణీ అడిగాడు టైలర్.

"లేదండీ. ఇదే మొదటిసారి."

అబద్ధం!

మొహంలో ఏ మార్పూ లేకుండా, పచ్చి అబద్ధం!

ఎనిమిది నెలల కిందట టైలర్ వాళ్ళ అన్న శవం పెద్ద బ్రిడ్జి కింద దొరికింది. ఆ సాయంత్రం అన్న వెళ్ళింది ఈ కారులోనే. తెల్లారేసరికి కారు షెడ్డులో ఉంది. అన్న లేడు.

"బండి ఇంట్లో పెట్టి, నడుచుకుంటూ వెళ్ళి దూకాడు," అన్నారు పోలీసులు. కేసు క్లోజ్.

కానీ సీటు?

టైలర్‌ది కొలతల కన్ను. టేపు తియ్యకుండానే మనిషి పొడుగు చెప్పేస్తాడు. అన్న ఐదడుగుల నాలుగంగుళాలు. ఆ పొద్దున డ్రైవర్ సీటు చివరిదాకా వెనక్కి జరిపి ఉంది. ఆరడుగుల పైబడ్డ మనిషి కాళ్ళు చాపుకునేంత!

అంటే ఎవడో అన్నని చంపి, బండి తెచ్చి ఇంట్లో పెట్టాడు. అన్న ఈ స్టీరింగ్ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. తమ్ముడికీ ఇవ్వలేదు, కట్టుకున్నదానికీ ఇవ్వలేదు. కాబట్టి ఈ గేర్లు తెలిసినవాడు ఆ రాత్రి దీన్ని నడిపినవాడొక్కడే!

"వాడు మళ్ళీ ఈ సీట్లో కూర్చోవాలి మరిదీ," అంది వదిన. ఆమె ఏడవలేదు. ఆ ఒక్క మాటే అంది.

అలా పుట్టింది అమ్మకం ప్రకటన.

ఫొటోలో అద్దం కింద చిన్న కెమెరా స్పష్టంగా కనబడుతుంది. అది అన్న పోయాక వీళ్ళు బిగించింది. చంపినవాడికి ఆ సంగతి తెలియదు కదా! ఆ రాత్రి తన మొహం అందులో పడిందేమోనని హడలిపోతాడు. బండి కొనేస్తే గొడవ వదిలిపోతుందనుకుంటాడు. తప్పకుండా వస్తాడు.

వాడు రాలేదు. మిగతా లోకమంతా వచ్చింది.

పాత స్పోర్ట్స్ కారు సొంతంగా అమ్మడమంటే ఏమిటో టైలర్‌కి అప్పుడు తెలిసింది. బండి మొహం కూడా చూడకుండా "లాస్ట్ ఎంత?" అని తెల్లవారుజామున మెసేజ్ పెట్టేవాళ్ళు. రెండు స్కూటర్లూ ఒక ఫ్రిజ్జూ ఇస్తా, మార్చుకుందామా అన్నవాడొకడు. ఒక కుటుంబమైతే సెంటు కొట్టుకుని మరీ వచ్చింది. బానెట్ మీద పిల్లని కూర్చోబెట్టి ఇరవై ఫొటోలు దిగింది. "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అంటూ వెళ్ళిపోయింది. ఇంట్లోవాళ్ళందరూ అక్కడే ఉన్నారు! ఇంకో పెద్దమనిషి గంటన్నర సేపు కారు కింద పడుకుని, దుమ్ము దులుపుకుంటూ లేచి, "డిక్కీలో గ్యాస్ సిలిండర్ పట్టదు కదండీ" అన్నాడు.

ఒకాయన నిజంగానే కొనడానికి వచ్చాడు. పరుపుని గుద్దాడు.

"సారీ అండి. అమ్మే ఉద్దేశం మార్చుకున్నాం," అంది వదిన.

"మీకేమైనా పిచ్చా?" అని తిట్టిపోశాడాయన. పిచ్చే. ఎనిమిది నెలలుగా ఇద్దరికీ నిద్ర లేదు.

ఇదిగో... నలభై రెండోవాడు.

ఆరడుగుల రెండంగుళాలు. టైలర్ కన్ను తప్పు చెప్పదు!

వెనక అద్దంలో రెండు లైట్లు. వ్యాన్. అందులో వదిన. వదిన ఒళ్ళో అన్న పిస్టల్. ప్లాన్ చాలా చిన్నది. ఖాయమని తేలగానే టైలర్ ఒక్క మాట మెసేజ్ పెట్టాలి. "వాడే." మిగతాది ఆవిడ చూసుకుంటుంది.

తొందరపడకూడదు. గేరు ఒక్కటే చాలదు. టైలర్ చెమట పట్టిన చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఈ కెమెరా ఎప్పట్నించి ఉంది?" పొడుగువాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

వచ్చేశాడు దారిలోకి!

"మొదట్నించీ ఉంది సార్. అన్నీ రికార్డవుతాయి."

"తీయించెయ్యండి. నాకొద్దది."

"ఎందుకు సార్? పనికొస్తుందిగా?"

"వద్దన్నానుగా!"

సిగ్నల్ వచ్చింది. టెస్ట్ డ్రైవ్ ఇక్కడిదాకానే. ఇక్కడ తిప్పి వెనక్కి వెళ్ళాలి. ముందే చెప్పాడు.

"సార్... ఇక్కడ తిప్పాలి."

పొడుగువాడు తిప్పలేదు. మూడో గేరు వేశాడు. కళ్ళు మూసుకున్నా వేసేట్టున్నాడు!

తొంభై... నూరు... నూట పది.

"సార్! ఎక్కడికి?"

"కూర్చోండి. మిమ్మల్నేం తినెయ్యను."

వెనక వ్యాన్ లైట్లు చిన్నవైపోతున్నాయి. పాత వ్యాన్. దీన్ని అందుకోవాలంటే దాని తరం కాదు.  చస్తే చచ్చాం... వదిన రావాలి, వదిన రాగానే ఇది తేలిపోవాలి.

పెద్ద బ్రిడ్జి!

పొడుగువాడు బ్రేకు తొక్కాడు. సరిగ్గా బ్రిడ్జి మధ్యలో ఆపాడు. అన్న పడినచోటికి పది గజాలు కూడా లేదు.

"దిగండి."

"ఎ... ఎందుకు?"

"దిగమంటున్నాగా!"

రెయిలింగ్ నడుము ఎత్తు కూడా లేదు. కింద నీళ్ళ చప్పుడు. టైలర్ ఎలాగో దిగాడు. అటువైపు నుంచి వాడూ దిగాడు. ఒక లారీ హోరుమంటూ దాటిపోయింది.

"బండి టాప్ తీద్దాం, ఇక్కడ గాలి బాగుంది. మీవైపు క్లిప్ మీరు తియ్యండి. లాగితే రాదు... ముందు లోపలికి నొక్కి, అప్పుడు లాగాలి."

టైలర్ చెయ్యి క్లిప్ దగ్గరే ఆగిపోయింది.

ఆ క్లిప్ సంగతి అన్నకి తప్ప ఎవరికీ తెలియదు! దాన్ని తియ్యడం రాక టైలర్ రెండు గోళ్ళు విరగ్గొట్టుకున్నాడు. మొదటిసారి చూస్తున్నవాడికి ఎలా తెలుస్తుంది?

టాప్ వెనక్కి మడతపడింది. చల్లగాలి మొహానికి కొట్టింది. బండి మళ్ళీ కదిలింది. ముందుకే!

వాడి ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"ఆఁ... దొరికింది. తీసుకొచ్చేస్తున్నా." గొంతు తగ్గించాడు. "ఇంకా పడుకునే ఉన్నాడా? పడుకోనీ... ఏం చెప్పకు. నేనొచ్చాక లేపేద్దాం."

లేపేద్దాం!

ఆ మాటకి టైలర్ చెవుల్లో ఒకటే అర్థం మోగింది. ఇంకొకడు! నిద్రలో ఉన్న ఇంకెవణ్ణో కూడా చంపబోతున్నారు. ఆ తర్వాత నా వంతు!

ఇంకేం రుజువు కావాలి?

ఫోన్‌ని తొడ చాటున పెట్టుకుని బొటనవేలితో కొట్టాడు. రెండే అక్షరాలు.

"వాడే."

పంపేశాడు.

వదిన చదివింది. చదివినట్టు గుర్తు పడింది. వెనక ఎక్కడో వ్యాన్ హారన్ ఒక్కసారి అరిచింది.

కారు మెయిన్ రోడ్డు వదిలింది. ఒక సందు... ఇంకో సందు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదించింది. వెనక లైట్లు మళ్ళీ పెద్దవయ్యాయి. రా వదినా... రా!

చివరి సందు. ముందు దారి లేదు. పెద్ద ఇనుప గేటు, వరండాలో లైటు.

పొడుగువాడు కారాపాడు. ఇంజన్ మాత్రం ఆపలేదు.

గేటు తెరుచుకుంది. టైలర్ తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఎంతమంది ఉంటారు? కత్తులా? తుపాకులా?

వచ్చింది ఒక చక్రాల కుర్చీ.

కుర్చీలో ఎనభై ఏళ్ళ ముసలాయన. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎటూ చూడటం లేదు. కుర్చీ తోస్తున్న ఆడమనిషి నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా.

"మీరు లేపక్కర్లేదండీ!" అని అరిచిందామె. "మావయ్యగారు ఇంజన్ చప్పుడికే లేచి కూర్చున్నారు! సందు మొదట్లో ఉండగానే కనిపెట్టేశారు!"

ముసలాయన గాలిలో చెయ్యి చాపాడు. కోడలు ఆ చేతిని తీసి బానెట్ మీద పెట్టింది. ఆ చెయ్యి మెల్లగా, లైటు అంచు దాకా పాకింది.

"నాదే..." అన్నాడు. "ఇది నాదేరా!"

"నీదే నాన్నా," అన్నాడు పొడుగాయన. 

టైలర్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. 

"మీకు చెప్పకుండా తెచ్చేశాను, ఏమనుకోకండి," అన్నాడాయన, టైలర్ వైపు వచ్చి రెండు చేతులూ పట్టుకుని. "దీని మొదటి ఓనర్ మా నాన్నే. పాతికేళ్ళ కిందట నాకు డ్రైవింగ్ నేర్పింది దీంట్లోనే. మొదటిరోజు రివర్స్ వేసి ఈ గేటే విరగ్గొట్టాను! తర్వాత ఇబ్బందుల్లో ఒక బ్రోకర్‌కి అమ్మేశాం. నాన్నకి చూపు పోయినప్పట్నించీ వెతుకుతున్నా. మీ ప్రకటన మొన్న కనబడింది."

"మరి... ఇలాంటి బండి నడపలేదన్నారు?"

ఆయన సిగ్గుపడ్డాడు.

"నడిపానంటే, ఇది మాదేనంటే, మీరు రేటు పెంచేస్తారని! అమ్మేవాళ్ళ ముందు మోజు చూపించకూడదంటారు కదండీ. ఆ కెమెరా కూడా... నాన్న చెయ్యి పెట్టినప్పుడు అన్నీ ఎక్కడివక్కడే ఉండాలి. అందుకని కసురుకున్నాను. తప్పే."

"ఫోన్ తెస్తా, ఫొటో తియ్యాలి!" కోడలు లోపలికి పరిగెత్తింది.

ఫోన్!

టైలర్ జేబులోకి చెయ్యి దూర్చాడు. వేళ్ళు వినడం లేదు. నలభై ఏళ్ళు సూదిలో దారం ఎక్కించిన వేళ్ళు... ఇప్పుడు ఒక్క మాట కొట్టలేకపోతున్నాయి!

"కాదు."

పంపాడు. చదివిన గుర్తు రాలేదు.

"వాడు కాదు వదినా."

రాలేదు.

కాల్ చేశాడు.

ఎక్కడో దగ్గర్లోనే రింగు వినబడింది. గిరుక్కున తిరిగాడు. సందు మలుపులో వ్యాన్ ఆగి ఉంది. తలుపు తెరిచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఖాళీ సీటు మీద వదిన ఫోన్ మోగుతోంది.

"వదినా!"

టైలర్ సందంతా కళ్ళతో వెతికాడు.

"వదినా! వద్దు! ఈయన కాదు! వదినా!"

"ఎవర్నండీ పిలుస్తున్నారు?" అన్నాడు పొడుగాయన, నవ్వుతూ, కారు హెడ్‌లైట్ల ముందుకొచ్చి నిలబడి.

గోడ నీడలోంచి వదిన బయటికొచ్చింది. రెండు చేతులూ ముందుకి చాపి ఉన్నాయి. ఆమె కళ్ళు టైలర్‌ని చూడటం లేదు. వెలుగులో ఉన్న పొడుగాటి మనిషినే చూస్తున్నాయి.

టైలర్ పరిగెత్తాడు. పదడుగులే. పది అడుగులు!

"వాడేనన్నావుగా మరిదీ," అంది వదిన.

ఢాం!

పొడుగాయన మోకాళ్ళ మీద కూలాడు. తర్వాత పక్కకి ఒరిగిపోయాడు. చప్పుడు లేదు. ఇంజన్ ఒక్కటే మోగుతోంది.

చక్రాల కుర్చీలో ముసలాయన ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత బోసినోటితో పకపకా నవ్వాడు. బానెట్‌ని ఆప్యాయంగా తట్టాడు.

"సైలెన్సర్ ఇంకా పేలుతూనే ఉందిట్రా దీనికి!" అన్నాడు. "ఏరా... మాట్లాడవేం?"