నొప్పి మోసే మనిషి

కొత్త బందరు ఆసుపత్రిలో పరామర్శ బల్లలు అప్పట్లో ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉండేవి. సముద్రం పాత ఊరిని మింగేశాక గట్టు మీద కట్టుకున్న ఊరది. పరామర్శ అంటే మనవాళ్లకి ఎంత సరదానో వేరే చెప్పాలా? ఒకడికి ఆపరేషనైతే ఇరవై మంది దిగేవాళ్లు. బత్తాయిల సంచీ మంచం మీద పెట్టి, "అయ్యో, ఆ నొప్పేదో నాకొచ్చినా బాగుండేది" అనేవాళ్లు. బాధవాహిని వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట అనే మగాడు గానీ ఆడది గానీ కనపడితే ఒట్టు. అంటే నిజంగానే వచ్చేస్తుంది మరి!

ఆ యంత్రాన్ని కనిపెట్టింది మత్తు డాక్టరు వకుళ. తరాల తరబడి అయినదానికీ కానిదానికీ మింగి మింగి, నొప్పి మందులు జనం ఒంటికి పనిచేయడం మానేసిన కాలమది. ఆపరేషన్ జరిగినంతసేపూ మత్తు వాయువు కాపాడుతుంది. మెలకువ వచ్చాక దేవుడే దిక్కు. వకుళ చేసిందల్లా రోగి వెన్నుపాములో పైకి పోయే నొప్పి సంకేతాలను మళ్లించి, పక్క బల్ల మీద కూర్చున్న మనిషి మెడపట్టీలోకి పంపడం. నొప్పి మాయం కాదు, మోసే మనిషి మారతాడు. పుచ్చుకున్నవాడికి గాయం ఉండదు, బాధ మాత్రం అసలు సిసలైనదే. వాడి గుండె బెదిరితే పట్టీ దానంతటదే ఆగిపోయేలా కట్టుదిట్టం కూడా తనే పెట్టింది, ఎవరి ప్రాణం మీదికీ రాకూడదని.

అదింకా పరీక్షల దశలో ఉండగానే తండ్రి నరహరికి ఊపిరితిత్తి ఆపరేషన్ అయింది. శ్వాసగొట్టం తీసేశారు. పక్కటెముకల మధ్య కోత భగభగమంటుంటే ఆయన పైపైనే గాలి పీలుస్తున్నాడు. దగ్గమంటే దగ్గడు.

"కఫం పేరుకుంటోంది డాక్టరుగారూ," అంది వార్డులో రోగులను కనిపెట్టుకుని ఉండే మాట్లాడే యంత్రం. "గట్టిగా ఊపిరి తీసి దగ్గకపోతే గొట్టం మళ్లీ వేయాలి. ఈ వయసులో మళ్లీ వేస్తే తీయగలమన్న ఆశ తక్కువ."

వకుళ పట్టీ తన మెడకే కట్టుకుంది. అబ్బా! నొప్పిని ఎలాగో ఓర్చుకునేదే. కానీ నాన్న ఇంతసేపూ పడుతున్నది ఇదా అనుకునేసరికి గుండె దడదడలాడింది. పట్టీ ఆగిపోయింది. మళ్లీ కట్టుకుంది, మళ్లీ ఆగింది. "నేనుండగా ఆయనకి బాధేమిటే" అంటూ కూర్చున్న తల్లి పట్టుమని పది ఊపిర్లు కూడా నిలవలేకపోయింది. మేనల్లుళ్లు ఫోనే ఎత్తలేదు.

"ఆ కట్టుదిట్టం తీసి పారెయ్!" అని వకుళ యంత్రం మీద అరిచింది.

"తీస్తే మీ గుండె ఆగొచ్చు. తీయకూడదన్నది మీరే."

తన చేత్తో తనే చేసుకున్నది. ఎవరిననాలి?

మధ్యాహ్నం కేశవులు వచ్చాడు. ఆయన్ని చూడగానే వకుళ లేచి నిలబడింది. పదహారేళ్ల కిందట నరహరి నడిపే పడవ బస్సు బోల్తాపడి కేశవులు ఒక్కగానొక్క కొడుకు మునిగిపోయాడు. తప్పు ఇంజనుదేనని విచారణలో తేలింది. కానీ ఒకే వీధిలో ఉండి కూడా నరహరి పలకరించడానికి వెళ్లలేదు. మొహం చెల్లలేదాయనకి.

"ఆ పట్టీ నాకు కట్టమ్మా," అన్నాడు కేశవులు.

కట్టింది. ఆయన పళ్లు బిగబట్టాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది. గుండె మాత్రం నిలకడగా కొట్టుకుంటూనే ఉంది. తెర అవతల నరహరి నిండుగా గాలి పీల్చి, దగ్గి, కఫం ఉమ్మేశాడు. వకుళ వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వకుళ ఇక ఉండబట్టలేక కాళ్ల మీద పడింది. "మీది దేవుడి మనసు బాబాయిగారూ. మా నాన్నని క్షమించారు."

కేశవులు కాళ్లు వెనక్కి లాక్కుని, తెర అవతలికి వినపడకుండా అన్నాడు.

"క్షమించానని ఎవరన్నారు? నా బిడ్డ పోతే మా గుమ్మం తొక్కలేదు వీడు. వీడికసలు నొప్పంటే తెలుసా అని ఇన్నేళ్లూ కుళ్లి చచ్చాను. ఇప్పుడు తెలిసింది. తెలుసు వీడికి. బాగా తెలుసు."

"కానీ మీరు పుచ్చుకుంటే ఆయనకి తగ్గిపోతోంది కదండీ?"

"తగ్గితే తగ్గనీ. ఉందా లేదా అని నేను రోజూ చూసుకోవాలి. ఎంత హాయిగా ఉందో చెప్పలేనమ్మా! ఇంకెన్నాళ్లుంటుందిది?"

వకుళ చప్పున లేచింది. పట్టీ లాగేద్దామని చెయ్యి చాచింది.

"తీస్తే సాయంత్రానికి గొట్టం వేయాలి," అంది యంత్రం.

చాచిన చెయ్యి దించుకుంది. తెర అవతల నుంచి నరహరి పిలిచాడు. "తల్లీ, నువ్వేనా పుచ్చుకుంటున్నది? ఇక చాల్లేమ్మా, నీకెంత కష్టం!"

"నాకేం కష్టం లేదు నాన్నా," అంది. అంతకన్నా ఏం చెప్పగలదు పాపం?

"ఒక్క సంగతి డాక్టరుగారూ," అంది యంత్రం గొంతు తగ్గించి. "ఇన్నాళ్ల పరీక్షల్లో ప్రేమగలవాళ్ల గుండె ఒక్కటీ నిలవలేదు. ఈయనది నిలిచింది. మిగతా రోగులను కూడా గిట్టనివాళ్ల పేర్లు అడగమంటారా?"

వార్డు నిండా మూలుగులే. వాళ్లలో ఎందరికి ఇవాళ గొట్టం వేయాలో వకుళకి తెలుసు.

"అడుగు," అంది నీరసంగా.

నీ నొప్పి మోసే నీవాళ్లెవరని అడిగిన రోజున వాళ్లంతా పైకప్పు వంక చూశారు. ఇప్పుడు ఒక్కరూ తడుముకోలేదు. ఆయాసపడుతూనే గబగబా పేర్లు చెప్పేశారు. కబురందుకున్నవాళ్లలో రానన్నవాడు లేడు. మర్నాటికి పరామర్శ బల్లలన్నీ నిండిపోయి, చోటు చాలక వరండాలో ఇంకొన్ని వేయించాల్సి వచ్చింది.