మొహమాటంతో గుద్దేవాడు

ఆర్గిరిస్ మళ్ళీ గుద్దాడు. ఈసారి సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో తన మానాన తాను నిలబడి ఉన్న లైటు స్తంభాన్ని.

"అది నిన్న రాత్రి మొలిచిందా?" అంది ఎవాంథియా, సొట్టబోయిన వ్యాన్ తలుపు చూస్తూ.

"లేదు మేడమ్, పాతదే," అన్నాడతను వినయంగా.

ఆ వినయం చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

గ్రీసు దేశం లారిస్సా ఊళ్ళోని ఆ చీజ్ డెయిరీ డ్రైవర్లంతా అంతే. కొండదారుల్లో మంచు పడుతున్నా గీత పడకుండా నడుపుతారు. తీరా షాపు ముందుకొచ్చి రివర్స్ చేసేటప్పుడు గోడలూ, ట్రాలీలూ, పూలకుండీలూ ఏవీ వదలరు. ఆ గుద్దుళ్ళు తగ్గించడానికే ఎవాంథియాని ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆమె చెప్పేది ఒక్కటే. దిగు, బండి చుట్టూ తిరిగి చూడు, ఎక్కాక అద్దాల్ని నమ్ము. డ్రైవర్లు దానికి ప్రదక్షిణం అని పేరు పెట్టి నవ్వుకుంటారు.

డెయిరీ యజమాని స్తాథిస్ ఆఫీసు కిటికీలోంచి తొంగి చూశాడు. "అమ్మాయ్, ఇంకొక్క గీత పడితే ఇతని తాళాలు లాగేసుకో. కోల్డ్ స్టోరేజీలో డబ్బాలు మోసుకుంటాడు."

తన మాట వినని డ్రైవర్ పీడ విరగడవుతోందని ఎవాంథియా సంతోషించాలి. కానీ దిగులేసింది. పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో నిలబడి అతను నవ్వుతూ తాళాలు అడక్కపోతే తనకి తెల్లవారినట్టే ఉండదని ఈ మధ్యే అర్థమైంది. అర్థమయ్యాక చిరాకు ఇంకా పెరిగింది.

"రేపు నీతో నేనూ వస్తున్నా."

"ఎందుకు మేడమ్?"

"బండి నడిపేటప్పుడు నీ కళ్ళు ఎక్కడుంటాయో చూడ్డానికి."

మర్నాడు దారి పొడవునా అతను వంక పెట్టడానికి లేకుండా నడిపాడు. మొదటి షాపు ముందు రివర్స్ వేశాడో లేదో, వీధి వీధంతా లేచింది. మంగలి కత్తెర పట్టుకుని వచ్చాడు. కాఫీ హోటల్ ముందున్న ముసలాయన కప్పు వదిలేసి వచ్చాడు. బాల్కనీలోంచి ఒకావిడ తడిబట్ట ఊపింది.

"రానీ, రానీ, ఎడమకి కొట్టు, ఇంకా రానీ..."

అక్కడ ఎవరు బండి వెనక్కి తీసినా బాధ్యత ఊరందరిదీ. "చాలు" అనే మాట మాత్రం చప్పుడయ్యాకే వినిపిస్తుంది. ఆర్గిరిస్ అందరికీ తలూపుతూ, ఎవరెటు తిప్పమంటే అటు తిప్పుతున్నాడు.

"ఆపు," అంది ఎవాంథియా. గోడ జానెడు దూరంలో ఉంది. "అద్దంలో గోడ కనపడటం లేదా?"

"కనపడుతోంది మేడమ్. కానీ పాపం పెద్దాయన కాఫీ వదిలేసి వచ్చాడు. వద్దంటే ఏమనుకుంటాడు?"

ఆమె తల పట్టుకుంది. "అంటే మొహమాటానికి గుద్దుతున్నావా?"

అతను స్టీరింగ్ మీద లేని దుమ్ము తుడవసాగాడు.

"ఉద్యోగం పోతుంది ఆర్గిరిస్. నువ్వు ఆ కోల్డ్ స్టోరేజీలో పడితే నాకు..."

"మీకు?"

"నాకు కొత్త డ్రైవర్‌ని వెతుక్కునే పని."

అతను అటు తిరిగి నవ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే సన్నగా వాన మొదలైంది. తనకి కోపమొచ్చినప్పుడే వానకీ వేళాకోళంగా ఉంటుందనుకుంది ఎవాంథియా.

చివరి సరుకు దింపాల్సిన హోటల్ ఆమె ఇంటి వీధిలోనే ఉంది. పక్కనే కాఫీ హోటల్లో ఆమె తండ్రి పాంతెలిస్, రిటైరైన బస్సు డ్రైవర్, స్నేహితులతో పాచికలాడుతున్నాడు. ఆయన చెయ్యి ఊపకుండా ఆ వీధిలో ఏ బండీ వెనక్కి వెళ్ళలేదు. వ్యాన్ని చూడగానే గొడుగెత్తి లేచాడు.

ఆర్గిరిస్ మొహం పాలిపోయింది. "వారం వారం ఈయనతో కాఫీ తాగుతాను మేడమ్. ఈయన మనసు మాత్రం కష్టపెట్టలేను."

"మా నాన్నే ఎందుకు ప్రత్యేకం?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"రానీ అబ్బాయ్, రానీ, బోలెడు చోటుంది," అంటున్నాడు పాంతెలిస్.

అద్దంలో పొట్టి ఇనపస్తంభం దగ్గరవుతోంది. అరవబోయి ఎవాంథియా పెదవి కొరుక్కుంది. తను అరిస్తే, ఇతను వినే గొంతుల్లో తనదీ ఒకటవుతుంది, అంతే. ఇతనంతట ఇతను ఆపాలి. ఆపకపోతే రేపటి నుంచి గుమ్మంలో ఆ నవ్వుండదు.

బండి ఆగింది. ఆర్గిరిస్ వానలోకి దిగాడు. బండి చుట్టూ తిరిగాడు, స్తంభాన్ని చూశాడు, పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండి. కాస్త పక్కకి జరగండి. నేనే చూసుకుంటాను."

"జీవితమంతా బస్సు నడిపినవాణ్ణి. నా మాట వినవా?"

"వినను." ఆర్గిరిస్ మొహం మీది వాన తుడుచుకున్నాడు. "రివర్స్‌లో వినను. మిగతా అన్నింట్లో వింటాను మామగారూ."

కాఫీ హోటల్లో పాచికలు ఆగిపోయాయి.

"మామగారా?" అన్నారు తండ్రీ కూతురూ.

ఎవాంథియా తలుపు తీసుకుని దిగింది. "నన్నడక్కుండా మా నాన్నకి చెప్తావా?"

"మిమ్మల్ని అడగాలనే, ఏడాదిగా. మొహమాటం."

"మనిషివా నువ్వు? నేను నీ కోసం చచ్చిపోతుంటే నీకు మొహమాటమా?"

అనేశాక ఏమన్నదో ఆమెకే తెలిసింది. ఆర్గిరిస్ నోరు తెరిచి వానలో నిలబడిపోయాడు.

"ముందు బండి పెట్టు," అంది విసురుగా.

ఎవరి సాయమూ లేకుండా, అద్దాలు చూసుకుంటూ చక్కగా పెట్టాడు. పాంతెలిస్ వెళ్ళి స్తంభానికీ బండికీ మధ్య గొడుగు అడ్డంగా పెట్టి కొలిచాడు. నేను చెప్పినట్టు వస్తే తగిలేదే అని గొణుక్కున్నాడు. తర్వాత అతన్ని కిందికీ పైకీ చూశాడు.

"మొండివాడు. మా పిల్లకి సరిపోతాడు. కానీ పెళ్ళినాడు చర్చి ముందు బండి మాత్రం నేను చెప్పినట్టే పెట్టాలి."

"కుదరదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.